క్యారియర్ లేని గేర్ సైకిల్

మా బాపు పేరు దేవ్‌సింగ్. బడి మొహం చూడలేదు. బస్సు మీద బోర్డు చదవలేడు, పక్కనున్నవాణ్ణి అడిగి ఎక్కుతాడు. కానీ ఎద్దును చూసి చెప్పడంలో మా తండాలోనే కాదు, చుట్టుపక్కల నాలుగు తండాల్లో ఆయనకు సాటి లేరు.

అందరూ ముందు పళ్లు చూస్తారు. బాపు నోరు తెరిపించడు. "ఓసారి నడిపించు" అంటాడు. వెనక కాలు ఎక్కడ పడుతుందో చూస్తాడు. మెడ మీద అరచెయ్యి వేసి కాసేపు ఊరికే నిలబడతాడు. తొట్టి దగ్గరికి తోలి నీళ్లు తాగేటప్పుడు చూస్తాడు. తర్వాత ఒక్క మాట: "తీస్కో" లేదా "వద్దు". అంతే. ఆ మాట మీద ఎవరూ రెండో మాట అడిగేవాళ్లు కాదు. నేలకొండపల్లి దాకా తీసుకుపోయినవాళ్లున్నారు ఆయన్ని, జత కొనడానికి. పోయిన చోటల్లా కొత్త తువ్వాలు కప్పేవాళ్లు. మా ఇంట్లో దండెం మీద ఎప్పుడూ తువ్వాళ్లే.

అలాంటి మనిషి తొమ్మిదేళ్లుగా ఏ పశువుల అంగడికీ పోవడం లేదు. ఎవరైనా వచ్చి పిలిస్తే, "సైకిల్‌కు క్యారియర్ ఉందో లేదో చూసుకోనోణ్ణి. నీ ఎడ్లను నేనేం చూస్త తమ్మీ, ఇంకెవరినన్న తోల్కపో" అంటాడు. నవ్వుతూనే అంటాడు. ఆ నవ్వు చూడలేక నేను లేచి అవతలికి పోతాను. ఎందుకంటే ఆయన చేత ఆ మాట అనిపించింది నేను. తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి, నాకేం కోపం రాదు. అబద్ధం, వస్తుంది. ముక్కు మీదే ఉంటుంది నాకు కోపం. అయినా తిట్టండి.

ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీ. అమ్మను యాడి, అన్నను భియా అంటాం. ఇక్కడ అన్నీ తెలుగులోనే చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం ఎండాకాలం. నేను ఏడో తరగతి ఒకసారి తప్పినవాణ్ణి. దాంతో నాకంటే ఏడాదిన్నర చిన్నదైన చెల్లెలు హేమలత నన్ను అందుకుంది. అందుకుని ఊరుకుందా? ఏడో తరగతి పరీక్షల్లో స్కూలు ఫస్టు వచ్చింది. నేను బొటాబొటీ మార్కులతో బయటపడ్డాను. సార్ అందరి ముందూ "చెల్లెను చూసి నేర్చుకో జైరాం" అన్నాడు. ఆ మాట నాకు ఎక్కడ కాలాలో అక్కడే కాలింది.

మా దగ్గర బడి ఏడు వరకే. ఎనిమిదికి మండలంలో హైస్కూలుకు పోవాలి. ఏడు కిలోమీటర్ల అడవి దారి, మధ్యలో ఎక్కి దిగాల్సిన గుట్ట, గట్టు అంటాం. బస్సు లేదు. హాస్టల్లో వేద్దామంటే యాడి ససేమిరా అంది. మా పెద్దబాపు బిడ్డ మంగ్లి హాస్టల్లో జ్వరమొచ్చి ఎముకల గూడై ఇంటికొచ్చింది, అది యాడి కళ్లముందే ఉంది. బాపు తెగేసి చెప్పాడు: "సైకిల్ కొంట. జైరాం తొక్కుతడు, హేమ ఎనక కూసుంటది. ఇద్దరూ పోతరు, ఇద్దరూ వస్తరు. పిల్లను ఒక్కదాన్నే అడివిల నడిపియ్య."

సైకిలు తునికాకు పైసలతో వచ్చింది, బీడీలు చుట్టే ఆకు. తెల్లవారకముందే యాడీ, హేమా అడవికి పోయేవాళ్లు. పొద్దెక్కాక ఇంటికొచ్చి కట్టలు కట్టడం. హేమ చేతులు చూస్తే ఆశ్చర్యం. ఆకు మీద ఆకు చకచకా పేర్చి, నారతో బిగించి పక్కన పడేసేది, మధ్యలో ఒక్కసారి తలెత్తేది కాదు. నేను పది కట్టలు కట్టి నడుం నొప్పంటూ చింతచెట్టు కిందికి పోయేవాణ్ణి. కల్లంలో ఆకు లెక్కపెట్టేవాడు కూడా ఆమె కట్టలు విప్పి చూసేవాడు కాదు, అంత నమ్మకం. ఆ సైకిల్లో సగం పైనే హేమది. ఆమె మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు.

సాయంత్రాలు ఒక పని పెట్టుకుంది. యాడి పాత లంగా ముక్కలు రెండు తీసి, మధ్యలో దూది కూరి, చుట్టూ గవ్వలు, నడుమ అద్దాలు కుట్టి ఒక మెత్త చేసింది. క్యారియర్ మీద వేసుకుని కూర్చోవడానికట. "అద్దాలు గుచ్చుకోవా నీకు?" అని ఎగతాళి చేశాను. "అంచుకే కుట్టిన, సక్కగ చూడు" అంది.

జూన్ మొదట్లో బాపూ నేనూ కొత్తగూడెం పోయాం. ఇద్రీస్ సేట్ సైకిల్ దుకాణం. బాపు మనసులో ఉన్నది నల్ల సైకిలు, వెనక పెద్ద క్యారియర్, కింద రెండు కాళ్ల స్టాండు. అది తీసి చూపించాడు కూడా సేట్. కానీ దాని పక్కనే నిలబడి ఉంది, ఎర్రది. గేరు సైకిలు. లావు టైర్లు, ముందు షాకప్సర్లు, అడ్డంగా తిన్నటి హ్యాండిలు, హ్యాండిల్ మీద గేర్లు మార్చే పిడులు. గేరు సైకిళ్లలో అన్నిటికంటే చవకది అదే అని సేట్ అన్నాడు. నేను మిగతా ఏదీ వినలేదు. మండలంలో పోలీసాయన కొడుక్కి అలాంటిదే ఉంది. అది తొక్కుకుంటూ హైస్కూల్లోకి పోతే ఇక నన్ను తప్పినవాడని ఎవడంటాడు?

"బాపూ, గట్టు ఎక్కాలంటే గేర్లు ఉండాలె" అన్నాను. "ఇద్దరం కూసుంటే నల్లది ఎక్కది. దిగి తోసుడే."

బాపు సైకిల్ తొక్కడు. నా మాటే ఆయనకు ప్రమాణం. గట్టు సంగతి ఆయనకూ నిజమే అనిపించింది. పైసలు కాస్త ఎక్కువైనా సరేనన్నాడు. "మరి ఎనక సీటు లేదేంది సేట్?" అని అడిగాడు కూడా. ఈ మాట నేను ఎన్నటికీ మర్చిపోను. ఆయన చూశాడు. చూసి అడిగాడు.

"అది సపరేట్ వస్తది దేవ్‌సింగ్. క్లాంపులేసి గట్టిగ బిగిస్త, మనిషి కూసున్నా ఏం కాదు. అర్ధగంట పని" అన్నాడు సేట్.

సరే, సైకిల్ పైసలు కట్టి, క్యారియర్ బిగించమని, దాని పైసలు వచ్చాక ఇస్తానని చెప్పి, యాడికి బెల్లమూ చెల్లెలికి నోటు పుస్తకాలూ కొనుక్కొస్తానని బాపు బజారులోకి పోయాడు. సేట్ క్యారియర్ తీశాడు. నల్లటి ఇనప క్యారియర్. ఎర్ర సైకిల్ వెనక పెట్టి చూశాడు. అంతే, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పాలవాడి సైకిల్లాగా అయిపోయింది. వెనక చెల్లెలు, దాని కింద గవ్వల మెత్త, దాని చేతిలో ఫస్టు మార్కుల కాగితం... పోలీసాయన కొడుకు చూస్తున్నట్టే అనిపించింది.

"వద్దు సేట్. బాపు వద్దన్నడు. చెల్లెకు వేరే సైకిల్ ఉంది" అన్నాను.

సేట్ నా వంక చూశాడు. "ఇప్పుడే పెట్టమన్నడు గద?"

"పోతూ పోతూ నాతోని చెప్పిండు."

ఆయనకు ఇంకో బేరం వచ్చింది, క్యారియర్ మేకుకు తగిలించేశాడు. నేను సైకిల్ తీసుకుని బాపుకు ఎదురుపోయాను. సందు మలుపులో దొరికాడు. ఒక చేతిలో బెల్లం పొట్లం, చంకలో పుస్తకాలు. సైకిల్ వెనక భాగం చూసి ఆగాడు.

"పెట్టలే?"

"పట్టదంట బాపూ. గీ మోడల్‌కు క్యారియర్ పట్టదంట. సేట్ చూసి చెప్పిండు."

"మరి వాపస్ ఇద్దాం పా."

"ఒకసారి అమ్మినంక వాపస్ తీస్కోడంట."

మా బాపు అలా నిలబడిపోయాడు. దుకాణానికి పోయి గొడవ పెట్టుకునే మనిషి కాదు. పట్నం దుకాణాలంటే ఆయనకు కొంచెం బెదురు. "నేను ముందే చూస్కోకపోతి" అన్నాడు. "పైసలిచ్చే ముందే బిగిపిచ్చుకోవాలె. నాదే తప్పు." ఆ ఎండలో ఆ మాట అన్నాడు, నేను పక్కనే హ్యాండిల్ పట్టుకుని గంట కొట్టి చూసుకుంటున్నాను. ఛీ, నా బతుకు.

తండాకు చేరేసరికి హేమ మెత్త పట్టుకుని వాకిట్లోనే ఉంది. సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగింది. "కూసునేది ఏది?" అంది. బాపే సమాధానం చెప్పాడు, నేను కాదు. "నాకు తెల్వక తెచ్చిన బిడ్డా" అన్నాడు.

మొదట్లో ముందు కడ్డీ మీద కూర్చోబెట్టి చూశాం. అది ఏటవాలుగా ఉండేది, జారిపోయేది. రెండోరోజు లంగా చైన్లో పడి చిరిగింది, స్కూలు గేటు దగ్గర పిల్లలు నవ్వారు. నేను మూడో రోజు నుంచి ఎక్కించుకోలేదు. కొన్నాళ్లు సైకిల్ తోసుకుంటూ ఆమెతో నడిచాను, అదీ బాపు కనబడేంత దూరం. మలుపు తిరగ్గానే ఎక్కి పోయేవాణ్ణి. ఆమె ఏడు కిలోమీటర్లు ఒక్కతే నడిచేది. వానలు పడ్డాయి. వాగు దాటి, తడిసి, రెండో పీరియడ్‌కు వచ్చేది. ఆగస్టులో ఒకరోజు గట్టు దగ్గర ఎలుగును చూసి వెనక్కి పరుగెత్తుకొచ్చింది. అంతే, యాడి పుస్తకాల సంచి అటక మీద పెట్టేసింది. బాపు మరుసటి ఎండాకాలం ఇంకో సైకిల్ కొంటానన్నాడు. అప్పటికి పిల్ల పెద్దమనిషయింది, ఏడాది ఇంట్లో ఉంది, ఇక వద్దంది యాడి.

ఆ గేర్లా? మూడు నెలలు కూడా పనిచెయ్యలేదు. గట్టు మీద నేను దిగి తోసేవాణ్ణే. పదో తరగతి రెండుసార్లు రాశాను, ఇప్పుడు జీపు తోలుతున్నాను.

హేమ పెళ్లి మా తండాలోనే అయింది, మా ఇంటికి నాలుగిళ్ల అవతల. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోంది. టీచరమ్మ మండలం నుంచి వచ్చేసరికి పదకొండు. అప్పటిదాకా పిల్లలకు అక్షరాలు దిద్దించేది, పాట పాడించేది, రిజిస్టర్ రాసేది హేమే. ఈ ఏడు ఆ టీచరమ్మ బదిలీ అయి పోస్టు ఖాళీ పడింది. తండా అంతా హేమకే అనుకున్నారు. కానీ పదో తరగతి ఉండాలన్నారు. వేరే ఊరి అమ్మాయికి వచ్చింది.

ఆ సంగతి తెలిసిన పొద్దున బాపు హేమ ఇంటికి పోయాడు. నేను వాళ్లింటి ముందే జీపు ఆపి తుడుస్తున్నాను, నాకంతా వినబడుతోంది. "నా వల్లనే బిడ్డా. ఆనాడు నేను సక్కగ చూస్కొని ఉంటే నువ్వియ్యాల టీచరమ్మవు" అన్నాడు. ఆయన చేతులు జోడించాడు. కూతురికి. హేమ "గట్లెందుకంటవ్ బాపూ, లే" అంటూ ఆ చేతులు విడదీస్తోంది.

బాపు పోగానే అంగన్‌వాడీ దాకా హేమ వెనక పోయాను. పిల్లలింకా రాలేదు. ఆమె ఊడుస్తోంది. అంతా చెప్పేశాను. సేట్ క్యారియర్ తీసి పెట్టి చూసింది, నేను వద్దన్నది, పట్టదని బాపుతో చెప్పింది, అన్నీ. ఆమె చీపురు ఆపలేదు. మూల దాకా ఊడ్చి, చెత్త బయట పారేసి వచ్చింది.

"సేట్ పెడ్తనన్నడా?"

"అవ్."

"బాపు పెట్టమని చెప్పిండా?"

"చెప్పిండు."

నా చెంప పగలగొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. "ఓపెన్ టెన్త్ కట్టిస్తనే హేమా, ఫీజు నేను..." అన్నాను.

"కట్టిన. పోయిన నెలనే కట్టిన" అంది. "నా సదువు నేను సదువుకుంట, నీ పుణ్యం నాకొద్దు. ఏం భియా, నాకు చెప్పి కడుపు సల్లబర్సుకుందామనుకున్నవా? బాపు తొమ్మిదేండ్ల సంది గా మాట మోస్తుండు. ఇంట్ల ఇత్తనాలు కూడ తన చేతులతోని కొంటలేడు. నాకు కాదు, పోయి ఆయనకు చెప్పు. ఇయ్యాల్నే చెప్పు. చెప్పేదాక నా గడప తొక్కకు."

నేను తల వంచుకుని వచ్చేశాను.

బాపు కొట్టం ముందు కూర్చుని పగ్గం పేనుతున్నాడు. ఎదురుగా కూర్చున్నాను. చెబుతూ ఆయన చేతుల్నే చూశాను, మొహం చూసే ధైర్యం లేక. చేతులు ఆగిపోయాయి. పగ్గం ఒళ్లోకి జారింది. ఆ పగ్గంతోనే వీపు చిట్లగొడతాడని, కొట్టాలని, వంగి కూర్చున్నాను.

"అంటే..." అన్నాడు. "దానికి క్యారియర్ పడ్తుండెనా?"

"పడ్తుండె బాపూ."

"నేను అడిగిన గద? ఎనక సీటేదని అడిగిన గద?"

"అడిగినవ్. నువ్వు మంచిగనే చూసినవ్. నేనే చెడగొట్టిన."

అప్పుడు తలెత్తి చూశాను. తిట్టు కోసం, ఉమ్ము కోసం, దేనికైనా సరే అని చూశాను. ఆయన చూపు నా వైపు లేదు. ఇంటి వైపు తిరిగి, కళ్లలో నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా, పండగ పూట చిన్నపిల్లాడు అరిచినట్టు లోపలికి కేకేశాడు.

"జైరాం యాడీ! ఇన్నవా? నేను కాదంట! నేను కాదంట!"