నమ్మొచ్చో లేదో చూసి రమ్మన్నాడు తమ్ముడు

ఈ ప్రయాణం సరదాకు పెట్టుకున్నది కాదు. ఒక పోలీసాయన నిజంగా మారాడో లేదో తేల్చుకుని రావడానికి వెళ్ళాను.

మా తమ్ముడు ఓబులేసుకు మనసు జబ్బు. మందులు వేసుకున్నన్నాళ్ళూ బంగారంలాంటి మనిషి. రాయదుర్గం నుంచి కత్తిరించిన జీన్స్ గుడ్డ కట్టలు తెచ్చుకుని ఇంట్లోనే కుడతాడు. జబ్బు తిరగబెడితే మాత్రం కత్తెర పట్టుకుని గదిలో గడియ పెట్టుకుంటాడు, ఎవరో చంపడానికి వస్తున్నారంటాడు. పోయిన ఏడు అలాగే అయితే ఇరుగుపొరుగు పోలీసులకు ఫోన్ కొట్టారు. వచ్చిన హెడ్ కానిస్టేబుల్ తలుపు తన్ని, కత్తెర లాక్కుంటూ వాడి కుడిచెయ్యి మెలితిప్పాడు. మణికట్టు ఎముక విరిగింది. నెలల తరబడి మిషన్ ముట్టలేదు పాపం. ఊరి పేరూ స్టేషన్ పేరూ రాయను, వాళ్ళు అక్కడే బతకాలి.

ఇప్పుడేమో అలాంటి ఫోన్లు వస్తే ఎలా నడుచుకోవాలో పోలీసులకు అనంతపురంలో శిక్షణ ఇస్తున్నారట, ఆ హెడ్డు కూడా వస్తున్నాడట, ఇళ్ళవాళ్ళు వెళ్ళి చూడొచ్చట. తమ్ముడికి మందులు రాసే డాక్టరమ్మే చెప్పింది, అక్కడ పాఠం చెప్పేదీ ఆమేనట. మళ్ళీ జబ్బు చేస్తే పోలీసులను పిలవాలా వద్దా అని మా మరదలు లక్ష్మీదేవి నలిగిపోతోంది. పిలవకపోతే తన ప్రాణానికి భయం, పిలిస్తే మొగుడి చేతికి భయం. చివరికి ఓబులేసే తేల్చేశాడు.

"నువ్వు పోయి సూసి రాక్కా. నువ్వు నమ్మొచ్చంటే లచ్చిమి పిలుస్తాది. లేదంటే లేదు."

ధర్మవరంలో మాకు పట్టుచీరల వ్యాపారం. అసలు జరీకీ పూతకూ తేడా పట్టేస్తానని తమ్ముడికి నామీద గురి.

పొద్దున ఏడింటికి ధర్మవరంలో రైలెక్కాను. టికెట్టు దొరుకుతుంది, సీటు దొరకడమే గగనం, కాస్త ముందే వెళ్ళండి. కిటికీ బయట వాన చూడని వేరుశనగ చేలు. ఎదుటి సీట్లో పెద్దాయన ఎక్కడికమ్మా అని అడిగాడు. చెబితే పకపకా నవ్వాడు.

"పోలీసోళ్ళకు మర్యాద నేర్పిస్తాండారా? దీనికి దుడ్లు యాడినుంచి వస్తాండాయో ఆరా తియ్యమ్మా."

డబ్బు సంగతేమో గానీ, నా అనుమానానికి తోడు దొరికింది.

అనంతపురం స్టేషన్ బయట మరమరాలతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఆటోలో హాలు చేరేసరికి తొమ్మిదిన్నర. ఆధార్ కార్డు తప్పకుండా పట్టుకెళ్ళండి, గేటు దగ్గర దొంగను చూసినట్టు చూస్తారు. నేనూ వాళ్ళను అలాగే చూశాననుకోండి. చొక్కా మీద పేరు చూసి హెడ్డును పోల్చుకుని, ఆయన కనబడేటట్టు వెనక వరుసలో కూర్చున్నాను.

డాక్టరమ్మ చెప్పినవి మంచి మాటలే. సైరన్ ఆపండి, గుంపుగా మీద పడొద్దు, ఒక్కరే మాట్లాడండి అంది. తర్వాత ఒక కానిస్టేబుల్ చేత రోగి వేషం కట్టించింది. ఇంకొకాయన కాగితం చూస్తూ, "మీ బాధ నాకు అర్థమవుతోందండీ, దయచేసి సహకరించండి" అని చదివాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను.

"అయ్యా, మా పక్క పోలీసు దయచేసి అన్నాడంటే మామూలు మనిషికే చెమటలు పడతాయి. మావోడైతే ఇంకో గడియ పెట్టుకుంటాడు."

"అయితే ఎట్ల మాట్లాడాలమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఇంట్లో మాట్లాడినట్లే."

తర్వాత వంతు హెడ్డుది. టోపీ తీసి పక్కన పెట్టాడు. ఆ వేషగాడికి దూరంగా నేల మీద చతికిలబడ్డాడు. "ఏమప్పా, పొద్దున్నుంచి ఏమన్నా తిన్యావా? నేను ఈడనే కూచుంటా. నీకు బుద్ధి పుట్టినప్పుడు మాట్లాడు" అన్నాడు.

అచ్చం ఇంట్లో మాట్లాడినట్లే. వెంటనే కోపమొచ్చింది, ఆరోజు ఈ మాట ఏ గంగలో కలిసిందని. పైగా ముందు వరుసలో పెద్ద అధికారి కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు ఎవరైనా మెత్తగానే మాట్లాడతారు. మధ్యాహ్నం సంగటీ పప్పూ పెట్టారు. బాగానే ఉంది గానీ నాకు ముద్ద దిగలేదు. తమ్ముడికి ఏమని చెప్పను?

మూడింటికి రాయదుర్గం బస్సెక్కాను, తమ్ముడి ఊరికి అదే దారి. ఆడవాళ్ళం కాబట్టి ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు. బస్సు కదిలే ముందు హెడ్డు కూడా ఎక్కాడు, మామూలు చొక్కాలో. నాకు ముందు సీట్లో కూర్చున్నాడు. నేను కొంగు తలమీదికి లాక్కున్నాను. ఇక్కడ అధికారులెవరూ లేరు కదా, ఇప్పుడు చూద్దాం అనుకున్నాను.

కళ్యాణదుర్గం ఇంకాస్త దూరం ఉందనగా, నిలబడి ఉన్న ఒకతను కిటికీ అద్దాన్ని బాదడం మొదలుపెట్టాడు. "దింపండి, వాళ్ళు వస్తాండారు, దింపండి!" అని ఒకటే అరుపు. కండక్టర్ వచ్చి అతని కాలర్ పట్టుకుని గుంజాడు. హెడ్డు లేచి అడ్డం వెళ్ళాడు. అంతే, అతను హెడ్డు చెంప ఛెళ్ళుమనిపించాడు.

హెడ్డు చెయ్యి లేచింది. ఆ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయి, తర్వాత మెల్లగా దిగి సీటు కమ్మీ పట్టుకుంది.

"నువ్వు జరుగన్నా, ఆయప్పను ముట్టుకోవద్దు" అన్నాడు కండక్టర్‌తో. మూటల మధ్య కూర్చున్నాడు. "యా వూరప్పా నీది?" అని అడుగుతూనే ఉన్నాడు, విసుక్కోకుండా. చాలాసేపటికి "బెళుగుప్ప" అన్నాడతను. కళ్యాణదుర్గంలో దింపి, ఇంటికి ఫోన్ చేయించి, ఆ ఊళ్ళోనే ఉండే వాళ్ళ చుట్టం వచ్చేదాకా పక్కనే నిలబడ్డాడు. ఆగిన బస్సులో జనం సణుగుతూనే ఉన్నారు. అనుమానం పక్కన పెట్టి, నమ్మొచ్చురా తమ్ముడూ అని మనసులో అనేసుకున్నాను.

హెడ్డు తిరిగొచ్చి నా సీటు దగ్గర ఆగాడు.

"ఓబులేసు చెయ్యి ఎట్లుండాదమ్మా?"

అంటే హాల్లో నేను గడియ మాట ఎత్తినప్పుడే నేనెవరో పట్టేశాడన్నమాట!

"కుడతాండాడు" అన్నాను.

"ఆ పొద్దు నాకు కత్తెర ఒకటే కనపడింది. మనిషి కనపడలే" అని వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు.

ఇక చూడండి నా అవస్థ. ఆ చెయ్యి తనంతట తాను దిగిందా, నేను వెనక కూర్చున్నానని దిగిందా? ఊరు వచ్చేదాకా అదే ఆలోచన, అదే తలనొప్పి.

చీకటి పడకముందే ఇల్లు చేరి, జరిగింది జరిగినట్టు తమ్ముడికి చెప్పాను. చెయ్యి లేచిన సంగతీ, దిగిన సంగతీ, నా అనుమానమూ దాచలేదు. నాకు తేలడం లేదురా అన్నాను. వాడు నవ్వాడు.

"నువ్వు సూస్తాండావనే దించినాడనుకో అక్కా. నేను మాత్రం? లచ్చిమి ఎదురుగా నిలబడి సూస్తాంటేనే మాత్ర మింగుతా. అటు తిరిగితే ఉమ్మేస్తా. అయినా మాత్ర పని చేస్తాండాది గదా. పిలవండి. అయితే ఆయప్ప వచ్చినప్పుడు మనోళ్ళు ఒకరు ఆడ నిలబడి సూస్తాండాల."

హాల్లో ఇచ్చిన నంబర్ల కాగితం లక్ష్మీదేవి నా చేతిలోంచి తీసుకుంది. హెడ్డు నంబరు ఫోన్లో ఎక్కించుకుంది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరి, కళ్యాణదుర్గంలో బస్సు మారి ధర్మవరం దారి పట్టాను. మీలో ఎవరికైనా ఇలాంటి పిలుపొస్తే తప్పకుండా వెళ్ళండి. అనుమానాన్ని ఇంట్లో పెట్టి వెళ్ళకండి. వెనక వరుసలో కూర్చున్నా సరే, చూస్తున్నామని వాళ్ళకు తెలియనివ్వండి. శిక్షణ గురించి నాకు తెలిసింది ఇంతే.

దారిలో మనసు ఊరుకోక మరదలికి ఫోన్ చేశాను. "ఆ హెడ్డు వచ్చిన రోజు నువ్వు గడప దాటొద్దే. వాళ్ళిద్దరి మీద నుంచి చూపు తిప్పొద్దు" అన్నాను.

"పెండ్లయినప్పటి నుంచి నేను సూడకుండా ఉన్నదెప్పుడు వదినా?" అంది లక్ష్మీదేవి.