నాలుగో ట్రాక్ మీద దస్తీ

ఇది మహాకావ్యం. ఇందులో సముద్రాలు దాటుతారు, సైన్యాలు కదులుతాయి, ఏళ్ళ తరబడి మూగబోయిన ఒక కంఠం మళ్ళీ పలుకుతుంది. అలా మొదలుపెట్టాలనుకున్నాను. నిజానికి ఇందులో ఉన్నది ఒక క్యాసెట్ రికార్డర్, ఒక కంప్యూటర్, మా మేనమామ, మా అత్త. సముద్రం సంగతి దేవుడెరుగు, జహీరాబాద్‌లో మా వీధి నల్లాకు నీళ్ళే రోజు విడిచి రోజు వస్తాయి.

మామది నాలుగు ట్రాకుల రికార్డర్. ఒకే క్యాసెట్‌లో నాలుగు శబ్దాలను పక్కపక్కనే విడివిడిగా పట్టి, దేనికదే పెంచుకునే, తగ్గించుకునే యంత్రం. పెళ్ళైన కొత్తలో, తనే కట్టిన ప్రశ్నలు, జవాబుల పాటను మామ దాని మీద రికార్డు చేశాడు. ఒక ట్రాక్ మీద హార్మోనియం, ఒకదాని మీద ఢోలక్, మూడోదాని మీద మామ ప్రశ్నలు. నాలుగోది అత్త జవాబులకు. ఆ రోజు మొగుడంపల్లిలోని పుట్టింటి నుంచి అత్త ఎక్కాల్సిన బస్సు రాలేదు. ఆమె వచ్చేసరికి యంత్రం చెడిపోయింది.

ఈ ఎండాకాలం నేను బెల్టు మార్చి దాన్ని బతికించాక, అందరం కూర్చుని ఆ పాట విన్నాం. "చెరుకు తోట గాలి నీతో ఏమన్నదే?" అని మామ ఎంతో ఆర్తిగా అడుగుతాడు. జవాబుగా ఢోలక్ ఒక్కటే మోగుతుంది.

"పాటల్నే గాదు అల్లుడా, ఇంట్ల గూడ గంతే," అంది అత్త. "అడుగుతడు. జవాబు ఇననే ఇనడు."

"ఇప్పుడు ఇంట. పాడు," అన్నాడు మామ.

"పాడత. గని మూడు గొంతులల్ల పాడత."

"మూడెందుకే?"

"ఇన్నేండ్ల జవాబులు ఒక్క గొంతుల పడతయా?"

మిగిలింది ఒక్క ట్రాక్. అందుకని అత్త గొంతులను కంప్యూటర్‌లో రికార్డు చేసి, క్యాసెట్‌తో పాటు మోగిద్దామనుకున్నాం. మామ షరతు ఒక్కటే: పాట క్యాసెట్ నుంచే రావాలి, శబ్దం పెంచే తగ్గించే మీటల మీద వేళ్ళు తనవే ఉండాలి. ముందు అత్త ఒక గొంతు రికార్డు చేసి, వన్, టూ, త్రీ అని రెండింటినీ ఒక్కసారే నొక్కాం. కంప్యూటర్ గడియారం లాంటిది. పాత క్యాసెట్ మనిషి లాంటిది, బుద్ధి పుట్టినప్పుడు పరుగెత్తుతుంది, లేనప్పుడు ఈడ్చుకుంటూ నడుస్తుంది. రెండో చరణానికి అత్త పక్క ఊరు కోహీర్ చేరింది, మామ ఇంకా జహీరాబాద్ బస్టాండ్‌లోనే ఉన్నాడు.

దీనికి మందు ఉంది. ఖాళీగా ఉన్న నాలుగో ట్రాక్ మీద ఒక రకం గురగుర శబ్దం ఎక్కించాలి. క్యాసెట్ తిరుగుతుంటే ఒక చిన్న డబ్బా ఆ గురగురను విని, పాట ఎక్కడిదాకా వచ్చిందో కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ దాని వెంటే నడుస్తుంది. ఇదంతా విని మామ లేచి నిలబడ్డాడు.

"నాలుగోదా? అది మీ అత్తకు దస్తీ ఏసిన సీటు అల్లుడా! ఇన్నేండ్లు ఎవ్వల్ని కూసోనియ్యలే. ఇప్పుడు గా బర్రె గురకను కూసోవెడతవా?"

బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ, అంటే చేతిరుమాలు, వేస్తే ఆ సీటు మనదే. మా దగ్గర అది రిజిస్ట్రీ కన్నా గట్టిది. మామ కదలకుండా నిలబడ్డాడు. ప్రేమకు ప్రతిరూపంలా ఉన్నాడు. నా హెడ్‌ఫోన్ వైరు మీద నిలబడ్డాడు.

అత్తే తేల్చింది. "జర దస్తీ తియ్యి. గా సీట్ల కండక్టర్‌ను కూసోవెట్టుర్రి. ఆయన సీటీ గొట్టకుంటే ఏ బస్సు కదుల్తది? నేను ఎన్కొచ్చే ఏసీ బస్సుల మూడు సీట్లు వట్టుకుంట."

మామ వైరు మీది నుంచి దిగాడు. గురగుర ఎక్కించాం. క్యాసెట్ తిరిగింది. కంప్యూటర్ కదల్లేదు. మళ్ళీ తిప్పాం. ఊహూఁ.

"దిష్టి," అన్నాడు మామ, డాక్టర్ చీటీ రాసినట్టు.

అత్త ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టి యంత్రం చుట్టూ తిప్పింది. ఉప్పు లోపల పడకుండా నేను యంత్రాన్ని కాస్త పక్కకు జరిపాను. తర్వాత ఇంకోసారి గురగుర ఎక్కించి నొక్కితే, క్యాసెట్ వెనకాలే కంప్యూటర్ బుద్ధిగా బయల్దేరింది.

అత్త మూడుసార్లు పాడింది. ఆఖరికి అన్నీ కలిపి మోగించాం. "చెరుకు తోట గాలి నీతో ఏమన్నదే?" అని పడుచు మామ అడిగాడు. ముగ్గురు అత్తలు, కింది గొంతుతో ఒకరు, పై గొంతుతో ఒకరు, నవ్వు ఆపుకోలేక ఒకరు, ఒక్కసారే అందుకున్నారు:

"బస్సు రాదు పొమ్మన్నదే!"

పాటలో ఆ మాట లేదు. మామ ఎంత నవ్వాడంటే వేలు జారి ఢోలక్ ఒక్కటే ఇల్లంతా దద్దరిల్లేలా మోగింది. అత్త కళ్ళలో నీళ్ళు. ఆమె ముందు సగం కోసిన ఉల్లిగడ్డలు కూడా ఉన్నాయి, కనుక నేనేమీ చెప్పలేను.

"ఇంకోపారి పెట్టు అల్లుడా," అన్నాడు మామ. "ఈసారి ఇంట."

ఉప్పు మహిమ అని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. యంత్రాన్ని జరిపినప్పుడు వెనకాల ఆన్‌లో ఉన్న స్విచ్ ఒకటి నాకు కనిపించింది, ఆఫ్ చేశాను. గురగుర ఎక్కించేటప్పుడు నాలుగో ట్రాక్‌కు, రొదను అణిచేసే ఆ నాయిస్ రిడక్షన్ ఆఫ్ చేసి ఉంచాలి.