ఫోల్డర్ తీసేసి మళ్లీ క్లోన్ చేసుకో

పగ పట్టడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. మా ఆత్మకూరులో ఒక ఇంటివాళ్లు మా గొర్రె మీద గుర్తుకు పూసిన రంగు కడిగి వాళ్ల రంగు పూసుకున్నారని మా అమ్మ ఆ ఇంటివాళ్లతో ఏడాది మాట్లాడలేదు. నేను మూడేళ్లు మాట్లాడలేదు. అమ్మ మరిచిపోయినా నేను గుర్తుచేసేదాన్ని. అందుకని ఈ సంగతి మెత్తగా చెప్పడం నా వల్ల కాదు.

రెండువేల పన్నెండులో సూర్యాపేటలో, ఒక మందుల దుకాణం పైనున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లుకు టోకెన్ల ప్రోగ్రాం రాయడం నా పని. కోతల కాలంలో వడ్ల ట్రాక్టర్లు మిల్లు గేటు ముందు రోడ్డు పొడవునా ఆగిపోతాయి. ముందొచ్చినవాళ్లకు ముందు నంబరు ఇచ్చి, ఆ వరసలోనే వడ్లు తూచే కాంటా దగ్గరికి పిలవాలి. చెప్పడానికి ఇంతే, రాయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

నా పైన ఒక సీనియర్ ఉండేవాడు, ఆయనదీ కాంట్రాక్టే. కోదాడలో ఇంటి నుంచే పనిచేసేవాడు. అన్నా అని పిలిచేదాన్ని. నాకు గిట్ నేర్పింది ఆయనే. ఎవరు, ఏ రోజు, ఏ లైను మార్చారో పేరుతో సహా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. ఒక్కో మార్పును అలా దాచడాన్ని కమిట్ అంటారు. ఆ చరిత్ర మొత్తం ఎవరి కంప్యూటర్లో వాళ్లకు ఒక నకలుగా ఉంటుంది. కొత్తగా నకలు తెచ్చుకోవడం క్లోన్. మా దగ్గర నెట్టు ఉన్నప్పుడు కరెంటు ఉండేది కాదు, కరెంటు ఉన్నప్పుడు నెట్టు ఉండేది కాదు. అందుకని అందరి పనీ కలిసే చోటు ఒక పెన్‌డ్రైవ్. దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, కోదాడ బస్సు డ్రైవరు చేతికిచ్చేవాళ్లం. అన్న తన మార్పులు కలిపి సాయంత్రం బస్సుకు తిరిగి పంపేవాడు.

ఆఫీసు గోడకు నేనొక కాగితం అంటించాను. అందరూ రోజూ అడిగే ప్రశ్నలకు జవాబులు అందులో ఉండేవి. కమిట్ చేసినా అవతలివాళ్లకు కనిపించకపోతే, పెన్‌డ్రైవ్‌లోకి పుష్ చేశావో, అంటే ఎక్కించావో లేదో చూసుకో. ఇద్దరూ ఒకే లైను మార్చి కాన్‌ఫ్లిక్ట్ వస్తే, ఫైలు తెరిచి ఏది ఉంచాలో ఇద్దరూ మాట్లాడుకోండి. అన్నిటికన్నా కింద, లావు అక్షరాలతో అన్న మాట: ఏమీ అర్థం కాకపోతే ఫోల్డర్ తీసేసి మళ్లీ క్లోన్ చేసుకో. నిజానికి మేము మొదటి జవాబులు చదవనే చదివేవాళ్లం కాదు. ఏ తలనొప్పికైనా ఫోల్డర్ తీసేయడమే మాకు మందు.

శనివారాలు మిల్లుకు వెళ్లి, కాంటా గదిలోని పాత కంప్యూటర్లో ఒక నకలు పెట్టుకుని ప్రోగ్రాం పరీక్షించేదాన్ని. ఒక శనివారం నేను అక్కడ ఉండగానే కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక నంబర్లు ఒకటి నుంచి మొదలయ్యాయి. తప్పు నాదే. ఆఖరి నంబరును డిస్కులో దాచడం మరిచాను. అక్కడే కూర్చుని సరిచేసి, "కరెంటు పోయినా నంబరు పోకుండా" అని రాసి కమిట్ చేశాను. పెన్‌డ్రైవ్ ఆ రోజు కోదాడలో ఉంది కాబట్టి ఆ దిద్దుబాటు ఆ పాత కంప్యూటర్లోనే ఉండిపోయింది.

సోమవారం పెన్‌డ్రైవ్ వచ్చింది. అందులోని మార్పులు తెచ్చుకోబోతే ప్రతి ఫైలులోనూ కాన్‌ఫ్లిక్టే. కోదాడకు ఫోన్ చేశాను.

"అన్నా, అన్ని ఫైళ్లల్ల కాన్‌ఫ్లిక్ట్ అంటుంది. నేనేం ముట్టుకోలే."

"కంగారు పడకమ్మా. నేను కొంచెం సర్దానులే. నీ ఫోల్డర్ తీసేసి మళ్లీ క్లోన్ చేసుకో, సరిపోద్ది."

తీసేశాను. చెత్తబుట్టలో కూడా మిగలకుండా తీసేశాను, ఎప్పటి అలవాటే కదా. క్లోన్ చేసి చరిత్ర చూస్తే, నా కమిట్లు నూటికి పైగా ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది. దాని పక్కన ఆయన పేరు ఉంది.

మళ్లీ ఫోన్ చేస్తే నవ్వాడు. "అంతా చిందరవందరగా ఉందమ్మా, ఒక్కటిగా చేశా. పేరుదేముంది?"

పేరుదేముందో బుధవారం తెలిసింది. మా ఆఫీసు నడిపే సారు అందరినీ పిలిచి చెప్పాడు. "టోకెన్ ప్రోగ్రాం రాసినోళ్లకే మిర్యాలగూడ పని మొత్తం అప్పజెప్తున్న, పర్మినెంటుగ. మిగిలిన కాంట్రాక్టులు ఈ నెలతోని ఖతం."

"సార్, అది నేను రాసిన," అన్నాను.

సారు స్క్రీను నా వైపు తిప్పాడు. "మరి గీడ నీ పేరేది? మొత్తం ఆయన పేరు మీదనే ఉన్నది గదమ్మా."

సొమ్మొకడిది, సోకొకడిది. నాలుగు నెలల పనిని నా చేత్తోనే చెరిపించాడు. అది కూడా నేను గోడకు అంటించిన మాటతో.

కిందికి వచ్చి చాయ్ తాగుతుంటే మిల్లులోని పాత కంప్యూటరు గుర్తొచ్చింది. మర్నాడు మొదటి బస్సుకు మిర్యాలగూడ వెళ్లాను. చరిత్ర అంతా చెక్కుచెదరకుండా ఉంది, ప్రతి కమిట్ పక్కనా నా పేరుతో. అన్నిటికన్నా పైన కరెంటు దిద్దుబాటు. మొత్తం నా సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను.

ఆ సాయంత్రమే సారుకు చూపించి ఉంటే నా ఉద్యోగం నాకు దక్కేది. చూపించలేదు. నాకు అది చాలలేదు. ఆ సీనియర్ నలుగురి ముందు నీళ్లు నమలాలి, నేను కళ్లారా చూడాలి. ఆయన దగ్గరున్న ప్రోగ్రాంలో కరెంటు దిద్దుబాటు లేదు. ఎనిమిది రోజుల్లో మిల్లు గేటు దగ్గర కొత్త కంప్యూటర్లో ఆ ప్రోగ్రాంను మొదలుపెట్టబోతున్నారు. కరెంటు రోజూ పదకొండింటికి పోయేది. నేను చేయాల్సిందల్లా నోరు మూసుకుని ఉండటం.

ఆ ఎనిమిది రోజులూ నాకు పండగే. మధ్యలో ఒకసారి ఆయనే ఫోన్ చేశాడు, టోకెన్ చీటీ అచ్చయ్యే భాగం ఏ ఫైలులో ఉందని.

"నువ్వే రాసినవ్ గదన్నా, నీకెరుక లేదా?" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ రోజు అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

మొదలుపెట్టే రోజు శుక్రవారం. పొద్దున్నే మబ్బు పట్టింది. గేటు గదిలో కంప్యూటరు ముందు ఆయన కూర్చున్నాడు, పక్కన సారు, మిల్లు యజమాని. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పదకొండింటి దాకా ముప్పై ఒక్క టోకెన్లు ఇచ్చారు, ఇరవై రెండో ట్రాక్టరు లోపలికి పోయింది. అప్పుడు కరెంటు పోయింది. జనరేటరు వేశాక, కొత్తగా వచ్చిన ట్రాక్టరుకు ఒకటో నంబరు చీటీ వచ్చింది. తర్వాత వచ్చినవాడికి రెండు. వాళ్లు చీటీలు ఊపుకుంటూ లోపలికి పోతుంటే, తెల్లవారకముందు నుంచీ ఉన్నవాళ్లు గేటు మీద పడ్డారు.

"ఏందయ్యా ఇది? జల్ది సూడు," అని సారు అరిచాడు. సీనియర్ ఒక ఫైలు తెరిచాడు, మూశాడు, ఇంకోటి తెరిచాడు. మెడ వెనక చెమట కారుతోంది. ఎన్నిసార్లు గుటక వేశాడో కూడా చూశాను.

పాలకీడు నుంచి వచ్చిన ఒక ముసలాయన, ఆఫీసు మనిషిననుకుని నా దగ్గరికి వచ్చాడు. "బిడ్డా, నాది ఇరవై మూడు. కోడి కూయకముందు వచ్చిన. ఇప్పుడొచ్చినోడు నాదొకటో నంబరంటడు. గిదేం పద్ధతి? కప్పెతందుకు పట్టా సగం బండికే ఉన్నది, వానొచ్చేటట్టున్నది."

పెన్‌డ్రైవ్ నా పిడికిట్లో ఉంది. "జర ఆగు తాతా, సార్లు సూస్తున్నరు," అన్నాను. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ నిలబడ్డాను. మిల్లు యజమాని ఆ సీనియర్‌ని బూతులు తిట్టడం మొదలుపెట్టేదాకా ఆగాను. అప్పటికి చినుకులు పడి, చినుకులు వానయ్యాయి.

అప్పుడు ముందుకు వెళ్లాను. "సార్, నేను సూస్త." నా నకలు ఎక్కించి, ముప్పై రెండు నుంచి నంబర్లు నడిచేలా చేసి, ఇరవై మూడును పిలిపించాను. పావుగంట పట్టింది. తర్వాత అడగకుండానే చరిత్ర తెరిచి సారుకు చూపించాను. సారు పై నుంచి కిందికి చదివాడు, ప్రతి వరసలో నా పేరే.

"అది... నేను సర్దేటప్పుడు సార్..." అన్నాడు ఆయన. ఎవరూ వినలేదు. బ్యాగు తీసుకుని, గొడుగు కూడా లేకుండా బస్టాండు దిక్కు నడిచాడు. కనుమరుగయ్యేదాకా చూశాను. అబద్ధమెందుకు, ఆ నడక తలుచుకుంటే ఇప్పటికీ నాకు హాయిగానే ఉంటుంది.

సారు ఇంకా స్క్రీను చూస్తున్నాడు. పై వరస మీద వేలు పెట్టాడు. "కరెంటు పోయినా నంబరు పోకుండా. ఇది ఇయ్యాల చేసింది కాదు గదమ్మా. తారీకు రెండు వారాల కిందటిది."

పెన్‌డ్రైవ్ పీకి బ్యాగులో వేసుకున్నాను.

"అంటే పొద్దటి సంది నీ దగ్గరనే ఉన్నది?"

బయట కాంటా గుమాస్తా, ఆ పాలకీడు ముసలాయన బండిలోంచి గుప్పెడు వడ్లు తీసి, తేమ చూసే మిషన్లో పోశాడు. "తడిసినయ్ తాతా, తీసుకోం. ఆరబోసుకొని తీస్కరా."

ముసలాయన ట్రాక్టరును పక్కకు పెట్టించి, తువ్వాలతో తల తుడుచుకుంటూ మా గది గుమ్మంలోకి వచ్చాడు. సారు నన్నే చూస్తున్నాడు.

"నా వడ్లు ఎట్లనో తడిసినయ్ బిడ్డా, ఏం జేస్తం. నా ఎనకోళ్లకన్న వరస దొరికింది. నువ్వు లేకపోతే ఇయ్యాల మాకు దిక్కెవరు?"

రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు. నేను పెట్టించుకున్నాను.