ఫోన్ ఎక్కడ ఉంటుందక్కా?

నా ఫోన్‌కి ఇది ఏడో ఏడు. మూల మీద ఒక గీత పడింది, వెనక రంగు పోయింది. అంతకు మించి దానికేమీ కాలేదు. రొట్టెల ఆర్డర్లన్నీ పొద్దున్నే ఇప్పటికీ దాన్లోనే వస్తాయి. మా వీధిలో దీని తర్వాత కొన్నవి రెండు ఎప్పుడో మూలపడ్డాయి. నీలవ్వా, నీదింకా ఎలా నడుస్తోందని ఎవరైనా అడిగితే దాదాపీర్ పేరు చెబుతాను. అడక్కపోయినా చెబుతాను. మేలు చేసినవాడి పేరు దాచుకుని నేనేం చేసుకోను?

దాదాపీర్ దుకాణం దుర్గద బైల్ బజారు వెనక సందులో ఉంది. అతను కూర్చుంటే వచ్చినవాళ్లు నిలబడాల్సిందే, అంత ఇరుకు. ఒక బల్ల, ఒక దీపం, పళ్లు కుట్టుకునే పుల్లల్లాంటి స్క్రూడ్రైవర్లు. పైన గోడకి మాత్రం మనిషంత పొడుగు విల్లు ఒకటి వేలాడుతుంది. అది వాళ్ల నాన్న ఇమామ్‌సాబ్ దూది ఏకిన విల్లు. నా పెళ్లినాటి పరుపును మా వాకిట్లో కూర్చుని రెండుసార్లు ఏకి కుట్టిచ్చింది ఆ పెద్దాయనే.

ఇమామ్‌సాబ్ పరుపు విప్పకముందే ఒక మాట అడిగేవాడు. దీన్ని ఎక్కడ పరుస్తారు తల్లీ అని. నేల మీదా, మంచం మీదా, తేమ ఎక్కే గోడ పక్కనా? అడిగి ఊరుకోకుండా లోపలికొచ్చి చూసేవాడు. దూది ఊరికే చెడిపోదు, గడ్డకడుతుంది, ఎందుకు గడ్డకట్టిందో ఇల్లే చెబుతుంది అనేవాడు. అప్పుడు నాకది చాదస్తంగా తోచేది. పరుపు కుట్టేవాడికి మా పడకగది ఎందుకని విసుక్కునేదాన్ని కూడా.

దాదాపీర్ మొదట బస్టాండ్ దగ్గర ఒక పెద్ద ఫోన్ల దుకాణంలో పనిచేశాడు. మూడేళ్లు దాటిన ఫోన్ ఎవరు తెచ్చినా దీని పని అయిపోయింది, కొత్తది తీసుకోండి అని చెప్పమనేవారట అక్కడ. కొన్నాళ్లు చెప్పాడు. ఒకరోజు పల్లెనుంచి వచ్చిన ముసలాయన ఫోన్‌ని చాటుకి తీసుకెళ్లి, ఛార్జింగ్ రంధ్రంలో పేరుకున్న మట్టి తీసి ఇచ్చేశాడు. అది నిక్షేపంగా నడిచింది. ఆ సాయంత్రమే ఉద్యోగం మానేసి ఈ సందులో బల్ల వేసుకున్నాడు. ఈ సంగతి అతను గొప్పగా చెప్పుకోడు. ఒకసారి నేను గుచ్చి గుచ్చి అడిగితే నవ్వి చెప్పాడు.

దసరా వెళ్లిన వారం అతని దగ్గర జనం ఎక్కువ. ఆయుధపూజకి మా వాళ్లు సుత్తికీ కత్తికీ ఆటోకీ పెట్టినట్టే ఫోన్‌కీ కుంకుమ పెడతారు. పెట్టడమంటే బొట్టు పెట్టి ఊరుకోరు, అద్దుతారు. అది రంధ్రాల్లోకి పోయి ఛార్జింగ్ ఎక్కదు. దాదాపీర్ సన్న కుంచెతో ఆ కుంకుమంతా తీసి కాగితంలో పోగేసి, సాయంత్రం దుకాణం వెనక జామమొక్క మొదట్లో పోస్తాడు. పూజ చేసినది కాళ్ల కింద పడకూడదంటాడు. మన కుంకుమ మీద మనకే అంత శ్రద్ధ లేదు.

ఇక నా సంగతి. మా ఖానావళిలో, అంటే ఇంటి భోజనశాలలో, మధ్యాహ్నం ముప్పై మంది దాకా తింటారు. జొన్నరొట్టె, గుత్తివంకాయ, పల్లీల పొడి, పెరుగు. ఇళ్లకీ, పెళ్లిచూపులకీ విడిగా రొట్టెలు పంపడం మాత్రం నా కోడలు నేత్రావతి వచ్చాకే మొదలైంది. గదగ్ పిల్ల. ఫోన్లో ఆర్డర్లు తీసుకోవడం, ఏ వీధికి ముందు పంపాలో చూడటం అన్నీ తనే. రొట్టె తట్టడం నాకు వచ్చు, ఆ ఫోన్ ఆడించడం ఆ పిల్లకే వచ్చు. మా ఇల్లు రెండు చేతుల మీద నడిచేది.

ఫోన్ కొన్న నాలుగో ఏట మహర్నవమి నాడు పెనం, కత్తిపీట, పిండి తొట్టి, తూకపు రాళ్లు అన్నీ కడిగి పొయ్యి గట్టు మీద వరసగా పెట్టి పూజ చేశాను. మాకు అన్నం పెట్టేదే కదా అని వరస చివర ఫోన్ కూడా పెట్టాను. సాయంత్రం నేత్ర దాన్ని తీసి చూసి, అప్‌డేట్ అడుగుతోంది, నొక్కనా అత్తా అంది. నేను రేపటికి జొన్నలు చేటలో చెరుగుతూ ఉన్నాను. నొక్కు అన్నాను. పనయ్యాక దాన్ని మళ్లీ గట్టు మీదే పెట్టించాను. పూజ చేసిన చోటు, అక్కడే ఉంటే ఆర్డర్లు బాగా వస్తాయని నా ఆశ.

మర్నాడు విజయదశమి. ఊరంతా బంగారమని జమ్మాకు పంచుకుంటుంటే మా ఫోన్ నత్తలా పాకుతోంది. వేలు పెట్టి నొక్కితే నాలుగు గుటకలు మింగాక తెరుచుకుంటోంది. అరవై రొట్టెలు కావాలన్న ఒక పెద్ద ఇంటి కబురు మేం చూసేసరికి వాళ్లు వేరేచోట చెప్పుకున్నారు. మా దగ్గర రోజూ తినే దేశాయి మాస్టారు, డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైన ఆయన, అప్పుడే అందుకున్నాడు. పాత ఫోన్లు నెమ్మదించాలనే కంపెనీలు అప్‌డేట్లు పంపుతాయి, కొత్తవి అమ్ముకోవద్దూ, ఎవరు నొక్కారు దాన్ని అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నొక్కమన్నది నేనేనన్న సంగతి ఆ నిమిషాన నాకు గుర్తు రాలేదు. నిజం చెప్పాలంటే గుర్తు తెచ్చుకోలేదు. తింటున్న అందరి ముందూ అనేశాను.

"ఇంకెవరు? నా కోడలే. ఆ చెయ్యి పడ్డాక ఇంకేం బతుకుతుంది?"

నేత్ర చేతికున్న పిండి తుడుచుకుని, ఫోన్‌ని గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజునుంచి దాన్ని ముట్టుకోలేదు. వంట చేసింది, వడ్డించింది, అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. దీపావళికి పుట్టింటికి వెళ్తానంది. ఎప్పుడొస్తావే అంటే చూస్తాను అత్తా అంది. గదగ్‌లో వాళ్లక్క చీరల దుకాణంలో మనిషి కావాలట, కొన్నాళ్లు అక్కడే ఉంటానంటోందని నా కొడుకు తలొంచుకుని చెప్పాడు. నోరు జారడం నాకు కొత్త కాదు. మాట వెనక్కి తీసుకోవడమే ఎన్నడూ చెయ్యలేదు.

ఆ అప్‌డేట్ తీయించేస్తే అన్నీ సర్దుకుంటాయనుకుని దాదాపీర్ దగ్గరికి పరిగెత్తాను. అతను ఫోన్ చేతిలోకి తీసుకున్నాడో లేదో, పుట్టింటికొచ్చిన పిల్లలా అది గంతులేసింది. నొక్కడం ఆలస్యం, తెరుచుకుంటోంది. నాకు తల కొట్టేసినట్టయింది. కుంకుమ తీసి, పనికిరాని బొమ్మలూ వీడియోలూ తీసేసి పంపాడు. ఇంటికొచ్చి ఎప్పటిలాగే గట్టెక్కించాను. గంటలో మళ్లీ పాకుడు మొదలు. వారం తర్వాత మళ్లీ తీసుకెళ్లాను. మళ్లీ అక్కడ గంతులు. నేను అబద్ధమాడుతున్నానని అనుకుంటాడేమోనని ఒట్టు పెట్టుకోబోయాను.

అతను నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు. అప్‌డేట్ వల్ల నెమ్మదించడమనేది పూర్తిగా కట్టుకథ కాదట. కొత్త సరంజామా బరువైతే పాత ఫోన్ కొంచెం మొరాయిస్తుందట. చెప్పకుండా నెమ్మదింపజేసిన కంపెనీ ఏదీ లేదని తను అనడట. అయినా అప్‌డేట్ అంటే దొంగలు దూరకుండా తలుపుకి కొత్త గడియ వేసుకోవడం కూడానట, మానకూడదట. ఇల్లు మారినప్పుడు సామాను సర్దుకోవడానికి ఒకటి రెండు రోజులు పట్టినట్టు, అప్‌డేట్ అయ్యాక ఫోన్‌కీ పడుతుందట. మీకు పదిహేను రోజులు దాటింది, పైగా నా చేతిలో బాగానే ఉంది, కాబట్టి ఇది వేరే సంగతి అన్నాడు. అని, వాళ్ల నాన్న గొంతుతోనే అడిగాడు.

"ఇంట్లో ఈ ఫోన్ ఎక్కడ ఉంటుందక్కా?"

"ఎక్కడుంటుంది? ఇంట్లోనే ఉంటుంది. వీధిలో పారేస్తామా?" అన్నాను విసురుగా.

అతను నొచ్చుకోలేదు. రేపు మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నాడు.

మర్నాడు అన్నట్టే వచ్చాడు. బయట వరసలో కూర్చోకుండా, చెప్పులు విడిచి, అక్కా లోపలికి రావచ్చా అని అడిగి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. నాలుగు పొయ్యిలూ మండుతున్నాయి. నేత్ర రొట్టెలు తడుతోంది, నేను పెనం మీద తిప్పుతున్నాను. గట్టు మీద, పెనానికి జానెడు దూరంలో, ఛార్జింగ్ తీగ తగిలించుకుని మా ఫోన్ ఆనుకుని ఉంది. దాదాపీర్ చెయ్యి చాచి దాన్ని తీసుకుని వెంటనే ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. తీగ పీకి, బయట గదిలో గాలి తగిలే కిటికీలో పెట్టి, వచ్చి ఆకు ముందు కూర్చున్నాడు. రెండు రొట్టెలు తిన్నాడు, మూడోది అడిగి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. నొక్కాను. టక్కున తెరుచుకుంది.

నా ఒక్కదానికే వినపడేలా చెప్పాడు.

"అప్‌డేట్ కాదక్కా, పొయ్యి. ఒళ్లు కాలుతుంటే మనమైనా పని తగ్గించుకుంటాం కదా. తనను తాను కాపాడుకోడానికి నెమ్మదించింది, అంతే. బ్యాటరీ ఆ వేడికి కొంచెం దెబ్బతింది, మారుస్తాను. చల్లటి చోట పెట్టుకోండి, ఇంకా చాలా ఏళ్లు వస్తుంది."

ఎప్పటినుంచి అక్కడ పెడుతున్నారని అడిగాడు. మహర్నవమి నుంచి అన్నాను. అన్నాక అంతా వరసగా గుర్తొచ్చింది. చేట, జొన్నలు, నొక్కనా అత్తా అన్న గొంతు, నొక్కు అన్న నా గొంతు. దాదాపీర్ నా మొహం చూసి అంతా గ్రహించాడు. నేను బాగుచేశానని చెప్పుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు అని మాత్రం అన్నాడు.

అతను అంత దారి వదిలాడు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఫోన్ బాగవుతుంది, నా పెద్దరికం నిలుస్తుంది. నేత్ర ఎల్లుండి గదగ్ బస్సెక్కుతుంది.

అప్పుడే దేశాయి మాస్టారు పెరుగు కలుపుకుంటూ, ఏమయ్యా, ఆ అప్‌డేట్ తీసేశావా అని దాదాపీర్‌ని అడిగాడు. దాదాపీర్ నా వైపు చూశాడు. యాభై ఎనిమిదేళ్లకి పదిమందిలో తప్పొప్పుకోవడమంటే నాకు పెనం మీద చెయ్యి పెట్టినంత పని. కానీ మాట పడేసింది ఇక్కడే, ఈ జనం ముందే. లోపలికెళ్లి చెవిలో చెబితే సరిపోదు.

"అప్‌డేట్ కాదు మాస్టారూ," అన్నాను. "పూజ చేశానని పొయ్యి పక్కన పెట్టి ఇన్నాళ్లూ కాల్చింది నేను. ఆ రోజు నొక్కనా అని అడిగితే నొక్కు అన్నదీ నేనే. అది మింగేసి, ఆ పిల్ల చేతిని అనరాని మాట అన్నాను. తప్పు నాది."

లోపల రొట్టె తట్టే చప్పుడు ఆగిపోయింది. దేశాయి మాస్టారు ఆకులోకి చూసుకున్నాడు. నేను ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. నేత్ర కళ్లు తుడుచుకుందేమో, బుగ్గ మీద పిండి అంటుకుని ఉంది. ఫోన్ మీద ఇంకో అప్‌డేట్ అడుగుతోంది. దాన్ని తనకి చాపాను.

"మీరే నొక్కండి అత్తా," అంది.

"నా చెయ్యి సంగతి చూశాంగా. నువ్వే నొక్కు తల్లీ."

నా మొహంలోకి చూసింది. తర్వాత కొంగుకి చెయ్యి తుడుచుకుని ఫోన్ అందుకుంది. నొక్కేముందు, రెండు రోజులు నెమ్మదిగా ఉంటుందట, నన్నేమీ అనకూడదు మరి అంది. బయటినుంచి దాదాపీర్, మేమంతా సాక్షులం అన్నాడు. ముప్పై మందీ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుస్తూనే.

ఆ దీపావళికి నేత్ర గదగ్ వెళ్లి మూడో రోజుకి తిరిగొచ్చింది. ఇప్పటికీ మహర్నవమికి ఫోన్ వరసలో ఉంటుంది. బొట్టు మాత్రం పై తొడుగు మీద చిటికెడే పెడతాం, హారతి కాగానే కిటికీకి చేరుస్తాం. ఇమామ్‌సాబ్ అడిగేవాడు, కొడుకూ అడిగాడు. ఆ తండ్రీకొడుకులు అలా అడగడమే లేకపోతే నేను ఫోన్ ఒక్కటే పోగొట్టుకునేదాన్ని కాదు. ఏటా కొత్త జొన్నల మొదటి రొట్టెలు దాదాపీర్ ఇంటికి పంపుతాను. అతను వద్దంటాడు, నేను వినను.

నేత్ర ఆ అప్‌డేట్ నొక్కాక, దాదాపీర్ చెప్పినట్టే రెండు రోజులూ ఫోన్ నెమ్మదిగానే నడిచింది. తెర మీద సున్నా ఒకటి గిరగిరా తిరుగుతూ ఉండేది. నేత్ర దాన్ని పట్టుకుని గుమ్మంలో నిలబడి, భయంభయంగా, ఇంకా తిరుగుతోందత్తా అంది.

"తిరగనీవే," అన్నాను.