లాంపు జమ కాలే

భూపాలపల్లిలో మా క్వార్టర్ల వాళ్ల నోళ్లు ఊరికే ఉండవు. అందుకే మా వాట్సాప్ గ్రూపును తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఫోన్లో వారం వారం వచ్చే ఒక డిటెక్టివ్ సీరియల్ చదివేవాళ్ల గ్రూపు అది. కొత్త భాగం వచ్చిందంటే హంతకుడెవరో వాదించుకోవడానికి అందరి నాలుకలూ దురదపెడతాయి. కానీ సగంమంది బొగ్గుబాయిలో, అంటే గనిలో, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు. మొదటి షిఫ్టువాడు చదివి కథంతా కక్కేస్తే, రెండో షిఫ్టువాడు డ్యూటీ దిగి ఫోన్ తెరవగానే ఉసూరుమనేవాడు.

గ్రూపు నడిపే అక్క దీనికి బాయి పద్ధతే తెచ్చిపెట్టింది. మా వెనక లైన్లో బట్టలు కుడుతుంది, భర్త బాయిలో పనిచేస్తాడు. షిఫ్టు అయి బాయిలోంచి పైకి వచ్చినవాళ్లు తలకు పెట్టుకున్న లాంపును లాంపురూములో జమ చేస్తారు. అందరి లాంపులూ వస్తేనే అందరూ పైకి వచ్చినట్టు. గ్రూపులోనూ అంతే. చదవడం అయినవాళ్లు ఒక దీపం బొమ్మ పెట్టాలి. అందరి దీపాలూ పడేదాకా కథ ఊసెత్తకూడదు. ఎత్తాడని సొంత మరిదినే గ్రూపులోంచి తీసేసింది.

చివరి భాగం వచ్చే ముందే మా బాపుకు కంటి ఆపరేషన్ అయింది. బాయిలో పంపు నడిపి రిటైరైన మనిషి. గ్రూపులో ఆయనా ఉన్నాడు, ఆ సీరియల్ ఒక్క భాగం కూడా వదల్లేదు. డాక్టరు కొన్నాళ్లు ఫోను ముట్టొద్దన్నాడు. నేను చదివి వినిపిస్తానంటే ఒప్పుకోలేదు. హంతకుణ్ణి తన కళ్లతోనే పట్టుకోవాలట. నల్లద్దాలు పెట్టుకుని మొండిగా కూర్చున్నాడు.

బాపుది తప్ప అందరి దీపాలూ పడ్డాయి. ఆ రోజులన్నీ గ్రూపులో వానల గురించీ, నల్లా నీళ్ల గురించే మాటలు. కడుపులో కథ పెట్టుకుని వాళ్లెంత గింజుకుంటున్నారో నాకు తెలుసు. వాళ్ల మీద నాకు పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. బాపుకే మనసొప్పలేదు. తన ఒక్కడి కోసం అందరూ నోరు కట్టుకోవడమేంటని, తన దీపం కూడా పెట్టేసి వాళ్లను మాట్లాడుకోనివ్వమన్నాడు. కథ తెలిసిపోతే పోనీలే అని నిట్టూర్చాడు. ఆయన ఫోన్లోంచి నేనే పెట్టేశాను.

కాసేపట్లో అక్క మా ఇంటికే వచ్చేసింది. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది.

"కాకా, మనిషి లోపట ఉండంగ లాంపు జమ చేస్తరా?" అంది.

అట్లా జమ అయితే ఏమవుతుందో బాపుకు ఒకరు చెప్పాలా? లోపల ఉండిపోయినవాణ్ణి ఎవరూ వెతకరు. బాపు నావైపు తిరిగాడు.

"తీసెయ్ బిడ్డా. నేనింకా పైకి రాలే."

డాక్టరు సరేనన్న రోజు బాపు కిటికీ దగ్గర కూర్చుని ఆగి ఆగి మొత్తం చదివాడు. దీపం తనే పెట్టాడు. ఇన్నాళ్లూ బిగబట్టినవాళ్లంతా ఒక్కసారిగా హంతకుడి మీద పడతారనుకున్నాను. మొదట వచ్చింది అక్క మాట.

"పైకొచ్చినవా కాకా?"

తర్వాత ఒకరి వెంట ఒకరు అందరూ అదే అడిగారు. ఆ సాయంత్రమంతా కథ ఎవరికీ గుర్తు రాలేదు.