మైసమ్మ యాట, పరదేశపు మిషన్

మా తాత గట్టయ్యకు కోపం వస్తే రెండు దేశాల స్నేహం చెడిపోతుంది. ఒకసారి చెడిపోయింది కూడా. గోదావరిఖనిలో మా వాడలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. తాతను మాత్రం అడగవద్దు, పక్కకు తిరిగి ఉమ్మేస్తాడు.

అరవైల్లో తాత బొగ్గుబావిలో తట్టతో బొగ్గు ఎత్తి పట్టాల మీది టబ్బులు నింపేవాడు. ముప్పై దాటకముందే నడుము పట్టేసింది. పొద్దున మా అవ్వ సారవ్వ చెయ్యి అందిస్తే గానీ మంచం దిగేవాడు కాదు. అరవై తొమ్మిదిలో ఒక పెద్ద దేశం మనకు స్నేహ కానుకగా బొగ్గెత్తే మిషన్ పంపింది. దాన్ని నడపడానికి తాతను తీసుకున్నారు. తట్ట తప్పింది. ఆయనకు కావలసింది అంతే.

బావిలోకి కొత్తది ఏది దిగినా ముందు బావిని కాచే మైసమ్మ తల్లికి యాటను కోసి, ఆ నెత్తురుతో దానికి బొట్టు పెట్టాలి. తాత మేకపోతును తోలుకొచ్చాడు. కానీ మిషన్ మీద కలిసిన రెండు చేతుల బొమ్మ ఉంది, ఎదురుగా ఆ దేశపు ఫోటోలవాళ్లు ఉన్నారు. నెత్తురు మరక బాగుండదని ఆఫీసరు మేకపోతును ఇంటికి పంపించాడు. తాత మెడలో దండ వేసి, ఆ దేశపు దొర ఒకడి చేతిలో చెయ్యి పెట్టించి ఫోటో తీశారు. నడుము నొప్పికి నవ్వు రాకపోతే మళ్లీ మళ్లీ నవ్వమన్నారట.

"దొర చెయ్యి ఎట్లుండె తాతా?" అని అడిగాను.

"మెత్తగుండె. ఎన్నడన్న తట్ట పడితె గద."

డెబ్బై ఒకటిలో మిషన్ గొలుసు తెగింది. కొత్త గొలుసు ఆ దేశం నుంచే రావాలి. రాలేదు. మిషన్‌ను పైకి తెచ్చి షెడ్డులో పడేసి, తాత చేతికి మళ్లీ తట్ట ఇచ్చారు.

"అమ్మకిచ్చిన యాటను మళ్లగొట్టుకపోతివి బావా, ఊకుంటదా?" అన్నాడు తోటి కార్మికుడు ఆగయ్య.

తాతకూ అదే అనిపించింది. అవ్వ అంతకాలం మేపిన ఆ మేకపోతును షెడ్డు ముందే కోసి, నెత్తురు ఆ చేతుల బొమ్మకే పూశాడు. వాడంతా కూర తిన్నది. ఆపైన తాత రోజూ డ్యూటీ దిగి, గొలుసు వచ్చిందేమోనని షెడ్డులోకి తొంగిచూసేవాడు.

చివరికి ఆఫీసు గుమాస్తా వామనరావు చూడలేక చెప్పాడు.

"మైసమ్మకు కోపం లేదు గట్టయ్యా. పక్క దేశంతో మనకు లడాయి వచ్చింది గదా. మిషన్ ఇచ్చినోళ్లు అటు దిక్కు నిలబడ్డరు. మనల్ని దారికి తేవాలని సామాన్లు ఆపిండ్రు."

"లడాయి వాళ్లు వాళ్లు చూసుకోవాలె. నడుమ నా నడుమేం జేసింది సారూ?"

"నీ నడుము సంగతి వాళ్లకేం తెలుసయ్యా."

"దండేసి ఫోటో దిగినప్పుడు తెలిసిందా?"

తాత షెడ్డులోకి పోయి ఆ బొమ్మ మీద ఉమ్మి వచ్చాడు. రెండు దేశాల స్నేహం ఆ ఉమ్ముతోనే చెడిందని మా వాడ లెక్క. డెబ్బై నాలుగులో ఇంకో దేశం ఇంకో మిషన్ పంపింది. రంగు మారింది, కలిసిన చేతులు అవే. దాన్ని నడపమని ఆఫీసరు దండ పట్టుకుని పిలిస్తే తాత తట్ట దించలేదు. ఇప్పుడు ఆ నడుము వంగిపోయింది, నిటారుగా నిలబడదు. కింద సూది పడ్డదా అని నేను ఏడిపిస్తుంటాను.

మొన్న కాపడం పెడుతూ అడిగాను. "మళ్ల ఏ దేశమన్న మిషన్ పంపితే ఏం జేస్తవ్ తాతా?"

"ఈసారి యాటను వాళ్లనే తెచ్చుకొమ్మను. నువ్వు నోరు మూసుకొని గట్టిగ ఒత్తు."