బుడ్డల మండీలో పాడిన పన్నెండు మంది

వచ్చే శనివారం నేను ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అందులో ఒక గడి చాలావరకు ఖాళీగా ఉంది. మీరు సాయం చేస్తేనే అది నిండుతుంది... అందుకే ఇప్పుడు రాస్తున్నా.

మా చిన్నప్పుడు... వానలకు ముందు విత్తనం బుడ్డలు ఒలవడానికి మా అవ్వ సోమందేపల్లిలో ఒక మండీకి పోయేది. బుడ్డలంటే మాకు వేరుశనక్కాయలు. ఇంట్లో ఎవరూ ఉండరని నన్నూ చంకనేసుకుని పోయేది. పన్నెండు మంది ఆడోళ్లు చుట్టూ కూర్చునేవాళ్లు... మధ్యలో కాయల కుప్ప.

మండీ గుమాస్తా ఒక రూలు పెట్టినాడు. ఒలిచినంతసేపూ పాడాల్సిందే! నోట్లో పాట ఉంటే గింజ ఉండదని ఆయప్ప తెలివి.

మా అవ్వోళ్ల తెలివి ఇంకొంచెం పెద్దది. అవ్వ ఒక వరుస పాడుతుంటే తక్కినోళ్లు నమిలేవాళ్లు. వాళ్లు అందుకుంటే అవ్వ నమిలేది. రెంటి మధ్యా ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం... అది అందరూ మింగే టైము.

"ఏమ్మా, పాట నిలిచిపోయిందే? ఏం తింటాండారు?" అని లోపలినుంచి గుమాస్తా అరిచేవాడు.

"ఊపిరి తింటాండాం లేప్పా! దానికీ తూకమేస్తావా?" అనేది అవ్వ.

నా నోట్లోనూ ఒక గింజ పెట్టి చెవిలో చెప్పేది... "నమలొద్దమ్మీ, చప్పరించు. కటుక్కుమంటే ఆయప్పకు ఇనపడ్తాది."

ఆ పాటే ఇప్పుడు మా బ్యాండు పాట. గిటారు హిందూపురం మంజుది, డ్రమ్స్ ధర్మవరం లక్ష్మివి, గొంతు నాది. పెనుకొండలో ఒక రేకుల షెడ్డులో పాడి, ఫోన్‌లో రికార్డు చేసి నెట్‌లో పెడితే మేము అనుకోనంత మంది విన్నారు. ఆ మింగే క్షణం వచ్చినప్పుడు మేమూ అన్నీ ఆపేస్తాం. జనం ఈలలు వేసేది అక్కడే...

ఇప్పుడు బెంగుళూరు కంపెనీ ఒకటి ఆ పాటను విడుదల చేసి, మమ్మల్ని పెద్ద ఊళ్లకు తీసుకుపోతామంటోంది. వాళ్ల కాగితంలో 'బాణీ ఎవరిది' అని ఒక గడి. "మా అవ్వ, ఇంకా పదకొండు మంది" అని రాశాను.

వాళ్ల మనిషి నవ్వాడు. "పేర్లు కావాలి మేడమ్. లేకపోతే మీ పేరే రాసేయండి. ఎవరడుగుతారు?"

నేను అడుగుతా!

ఇంటికొచ్చి అవ్వను పేర్లు చెప్పమన్నా. "పేర్లతో ఎవురు పిల్చుకునిందే? బత్తలపల్లామె, చెన్నేకొత్తపల్లామె, పొడుగామె... అంతే" అంది. అన్నేళ్లు మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నోళ్ల పేర్లు తనకే తెలియవు. ఆలోచించి ఆలోచించి రెండు చెప్పింది... గంగులమ్మ, సంజీవమ్మ. తన పేరు అశ్వర్థమ్మ. మొత్తం మూడు.

మంజుకు భయం పట్టుకుంది. "ఇది పోతే మళ్లా యాడ వస్తాదక్కా? నీ పేరే రాసేయ్. అవ్వేమన్నా కేసేస్తాదా?"

"ఏమబ్బా, మీ నాయన అంగడి బోర్డు మీద నా పేరు రాపిస్తావా?" అంది లక్ష్మి.

మా ఇంట్లో సంతకం నేర్చుకున్న మొదటి మనిషిని నేను. మా నాయనది ఇప్పటికీ వేలిముద్రే. నేర్చుకున్న ఆ సంతకంతో ఇంతమంది నోళ్లు మూయను. కంపెనీ పోతే పోనీ... రేకుల షెడ్డు ఎక్కడికీ పోదు.

ఇప్పుడు బుడ్డలు మిషన్ ఒలుస్తుంది. దానికి ఆకలి లేదు, పాట లేదు, గుమాస్తా భయమూ లేదు...

మీ అవ్వో, అమ్మో, పెద్దమ్మో ఆ కాలంలో సోమందేపల్లి మండీలో బుడ్డలు ఒలిచిందా? ఈ పొద్దే అడగండి. ఫలానా ఊరామె అని కాదు, ఫలానా ఆయన పెండ్లాం అని కాదు... వాళ్లమ్మ పెట్టిన పేరు అడగండి. వచ్చిన ప్రతి పేరూ అవ్వకు చదివి వినిపిస్తా.

శుక్రవారం సాయంత్రం లోపల కింద రాయండి. ఇంకా తొమ్మిది పేర్లు కావాలి.